అత్తమ్మ మోకాళ్ళు, బాబు కడుపు, వారం సెలవులు

ప్రశ్న: మేడమ్, మాది నల్లగొండ. పాప ఐదో తరగతి, బాబు ఒకటో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది, ఆమెకు మోకాళ్ళ నొప్పులు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా మరిది, యారాలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు కారులో వస్తారు. పోయిన సంక్రాంతికి అందరం కలిసి ఒక్క రోజులోనే యాదగిరిగుట్ట, కొలనుపాక, భువనగిరి, పోచంపల్లి చూసి రావాలని బయల్దేరాం. గుట్ట మీద దర్శనానికే మధ్యాహ్నం అయింది. బాబు కారులో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. భువనగిరి కోట కింద అత్తమ్మ ఒక్కతే కారులో కూర్చుంది. పోచంపల్లి చేరేసరికి చీకటి పడింది. తిరిగొచ్చేటప్పుడు మా ఆయనకూ మరిదికీ మాటామాటా పెరిగి పండగంతా పాడైంది. ఈసారి పిల్లలు ‘గుళ్ళూ కోటలూ వద్దు, బోర్, మాల్‌కు పోదాం’ అంటున్నారు. పండగ తర్వాత నేను పిల్లల్ని తీసుకుని జడ్చర్లలో మా తల్లిగారింటికి నాలుగు రోజులు పోతాను. మాకు సొంత కారు లేదు, ఎక్కువ ఖర్చు పెట్టలేం. మన దగ్గర పిల్లలూ పెద్దలూ అందరూ సంతోషంగా పోయి రాగలిగిన చోట్లు ఏమున్నాయో చెప్తారా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోట కింద కారులో ఒక్కతే కూర్చున్న మీ అత్తమ్మ దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆమె ఆ రోజు ఏమీ అనలేదేమో కానీ, ఇంట్లో అందరికీ ఆ సంగతి గుచ్చుకుని ఉంటుంది. రాత్రి అన్నదమ్ముల మధ్య మాట పెరగడానికి అదీ ఒక కారణమై ఉండొచ్చు.

నేను పాతికేళ్ళు బడిలో సోషల్ చెప్పాను. కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను. పిల్లలకు వీలైనన్ని చూపించాలన్న ఆత్రంలో ఒక్క రోజుకు మూడు ఊళ్ళు పెట్టుకుని బస్సెక్కించాను. రాత్రి తిరిగొస్తుంటే ఏడో తరగతి అమ్మాయి నా సీటు దగ్గరికి వచ్చి, ‘టీచర్, పొద్దున మొదట దిగిన ఊరి పేరేంది?’ అని అడిగింది. ఆ ఊళ్ళో మేం ఉన్నది ముప్పావుగంట. అందులో సగం వరుసలు కట్టించడానికే సరిపోయింది. ఆ పిల్ల అడిగినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ తర్వాత ఎప్పుడూ ఒక రోజుకు ఒక ఊరు మించి పెట్టలేదు.

మీకూ మొదట చెప్పేది అదే. ఒక రోజు, ఒక ఊరు. ఎంత దూరం పోవాలన్నది మీ బాబు కడుపు చెప్తుంది, ఎంత ఎత్తు ఎక్కాలన్నది అత్తమ్మ మోకాళ్ళు చెప్తాయి. మిగతావాళ్ళ ఇష్టాలు ఈ రెండింటి తర్వాతే. నేను చెప్పే చోట్లన్నీ ఈ లెక్కలోనే చెప్తాను.

మరిది వాళ్ళు వచ్చాక మొదటి రోజు ఊరు దాటి దూరం పోవాల్సిన పని లేదు. పానగల్ మీకు నాలుగు కిలోమీటర్లు. అత్తమ్మనూ చిన్నపిల్లల్నీ కారులో ఎక్కించి మిగతావాళ్ళు ఆటోలో పోవచ్చు. నల్లగొండలోనే ఉంటూ శివరాత్రికి తప్ప పానగల్ వైపు పోని ఇళ్ళు నాకు చాలా తెలుసు. శివరాత్రినాడు ఆ జనంలో దర్శనం అవుతుంది కానీ గుడి కనిపించదు. సెలవుల్లో మామూలు రోజు పొద్దున తొమ్మిదింటికల్లా పోతే గుడి మొత్తం మీ ఇంటివాళ్ళకే అన్నట్టు ఉంటుంది.

ముందు ఛాయా సోమేశ్వరాలయానికి పోండి. చుట్టూ పొలాలు, మధ్యలో గుడి. ఒకే మండపం చుట్టూ మూడు గర్భగుళ్ళు ఉంటాయి, త్రికూటాలయం అంటారు. అందులో ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద నిలువుగా ఒక నీడ పడుతుంది, స్తంభం నీడలాగా. పొద్దున చూసినా అక్కడే ఉంటుంది, మధ్యాహ్నం చూసినా అక్కడే, సాయంత్రమూ అక్కడే. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతాడు కానీ లోపలి నీడ జరగదు. పైగా గర్భగుడికి ఎదురుగా, ఆ నీడ పడాల్సిన చోట స్తంభమే కనిపించదు.

ఇక్కడ మీరు పిల్లలకు ఏమీ చెప్పకండి. ‘ఈ నీడ ఏ స్తంభానిది? కనిపెట్టండి’ అని మాత్రం అడగండి. నలుగురు పిల్లలూ మండపమంతా తిరుగుతారు. ఒకరు ఒక స్తంభం పక్కన నిలబడి చేతులు ఊపితే ఇంకొకరు గడప దగ్గర నిలబడి నీడ కదిలిందో లేదో చూస్తారు. నేను తీసుకుపోయిన ప్రతి బ్యాచూ ఇదే పని చేసింది, ఒక్క పిల్ల కూడా బోర్ అనలేదు. పాప చేతికి ఒక నోట్‌బుక్కు, పెన్సిలు ఇవ్వండి. లింగం ఎక్కడుంది, నీడ ఎక్కడుంది, టైమ్ ఎంతైంది, బొమ్మ గీసుకోమనండి. గోడ మీద చాక్‌పీసుతో గుర్తులు పెట్టనివ్వకండి, అది 11, 12 శతాబ్దాల నాటి రాయి.

అసలు సంగతి మీకు తెలిసి ఉండాలి కాబట్టి చెప్తున్నాను. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు. బయటి వెలుతురు చెదిరి, మండపంలో స్తంభాల సందుల నుంచి రెండు పక్కలా లోపలికి వస్తుంది. స్తంభాలు అడ్డం వచ్చి ఆ వెలుతురు అందని మధ్య భాగం మనకు నీడగా కనిపిస్తుంది. నేరుగా ఎండ పడితే సూర్యుడితోపాటు నీడ జరిగేది. చెదిరిన వెలుతురు పగలంతా ఆ సందుల్లోంచే వస్తుంది కాబట్టి నీడ ఉన్నచోటే ఉంటుంది. ఇంటికి వచ్చాక గదిలో లైటు ఆర్పి, రెండు సెల్‌ఫోన్ టార్చీలు చెరో పక్క పెట్టి, మధ్యలో పెన్సిలు నిలబెట్టి చూపించండి. రెండు పలుచటి నీడలు పడతాయి, టార్చీలను దగ్గరకు జరుపుతుంటే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చి మధ్యలో చిక్కటి నీడ వస్తుంది. స్తంభాలను ఎక్కడ పెడితే వెలుతురు ఎక్కడ ఆగుతుందో తొమ్మిది వందల ఏళ్ళ కిందట లెక్క కట్టుకున్న మేస్త్రీలు మన ఊరి పక్కనే పని చేశారన్న మాట అప్పుడు చెప్పండి. ఐదో తరగతి పిల్లకు అది బాగా ఎక్కుతుంది.

అక్కడి నుంచి పచ్చల సోమేశ్వరాలయానికి. పురావస్తుశాఖ మ్యూజియం కూడా ఆ గుడి దగ్గరే. అది తెరిచి ఉండే రోజూ, టైమూ ముందురోజే కనుక్కోండి. ఆ గుడి గోడల మీద రామాయణ, మహాభారత ఘట్టాలు చెక్కి ఉంటాయి. ఇక్కడ పని అత్తమ్మది. ఏ బొమ్మ ఏ కథలోదో పిల్లలకు ఆమెను చెప్పనివ్వండి. ఒక చిన్న మడత కుర్చీ తీసుకుపోండి. ఆమె గోడ ఎదురుగా కూర్చుని కథ చెప్తుంటే పిల్లలు నాయనమ్మ చుట్టూ కూర్చుంటారు. పోయినేడు కారులో కూర్చున్న మనిషి ఈసారి మధ్యలో కూర్చుంటుంది.

ఇంకొక మాట మీకోసం. ఈ గుళ్ళు కట్టించింది కందూరు చోడులు. కళ్యాణి చాళుక్యులకు సామంతులుగా ఈ ప్రాంతాన్ని ఏలినవాళ్ళు. వాళ్ళకు పేరిచ్చిన కందూరు మహబూబ్‌నగర్ వైపుది, పానగల్ నల్లగొండది. అంటే మీ తల్లిగారి నేలా, అత్తగారి నేలా ఒకప్పుడు ఒకే రాజుల కింద ఉన్నాయి. పానగల్ చెరువు పేరు ఉదయసముద్రం, ఆ వంశంలో ఉదయనచోడుడి పేరు మీద వచ్చింది. ఇప్పుడది ఎత్తిపోతల పథకంలో రిజర్వాయరు. మీ పట్టణానికి తాగునీళ్ళు ఇచ్చే చెరువు కూడా అదే. మీ ఇంటి నల్లా తిప్పి, ‘ఈ నీళ్ళు ఎక్కడివో తెలుసా?’ అని బాబును అడగండి.

చెరువు కట్ట దగ్గర సద్ది విప్పుకోండి. పండగ రోజులు కదా, ఇంట్లో సకినాలు, అరిసెలు ఎలాగూ ఉంటాయి. పులిహోర, పెరుగన్నం, రెండు తపాలచెక్కలు చాలు. నీళ్ళ దగ్గర బాబు చెయ్యి ఎవరు పట్టుకోవాలో ముందే ఒక మనిషిని అనుకోండి. ‘అందరం చూస్తున్నాం’ అంటే ఎవరూ చూడనట్టే. చివరగా, ఇంటికి పోయేముందు నాలుగింటికి మళ్ళీ ఒక్కసారి ఛాయా సోమేశ్వరానికి పోండి. పాప పొద్దున గీసిన బొమ్మ పక్కన ఇప్పటి బొమ్మ గీయాలి. మధ్యాహ్నం తలుపులు ఎప్పుడు వేసి ఎప్పుడు తీస్తారో పొద్దునే పూజారిగారిని అడిగి పెట్టుకుంటే ఈ రెండో రాక వృథా కాదు.

రెండో విహారం నాగార్జునసాగర్ పెట్టుకోండి. కానీ పానగల్ మర్నాడే వద్దు, మధ్యలో ఒక రోజు ఇంట్లో ఉండండి. నల్లగొండ నుంచి హాలియా మీదుగా గంటన్నర ప్రయాణం. ఘాట్ రోడ్డు కాదు కాబట్టి బాబుకు ఇబ్బంది తక్కువ. అయినా ముందు సీట్లో పెద్దవాళ్ళ ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు. వెనక సీటు మధ్యలో, ఎదుటి రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి. బయల్దేరే ముందు కడుపు నిండా పాలు తాగించకండి, రెండు ఇడ్లీలు చాలు. ఫోన్ చేతికి ఇవ్వకండి. కదిలే బండిలో కళ్ళు కిందికి పెట్టి బొమ్మలు చూస్తే వాంతి త్వరగా వస్తుంది.

జనవరిలో సాగర్ గేట్లు ఎత్తి ఉండవు. వరద వచ్చే ఆగస్టు, సెప్టెంబరు రోజుల్లో ఎత్తుతారు. ఈ మాట పిల్లలకు ఇంట్లోనే చెప్పండి. టీవీలో చూసిన తెల్లటి నురగ కోసం వచ్చి, లేకపోతే ముఖం మాడ్చుకుంటారు. దానికి బదులు లాంచీ ఉంది. నీళ్ళ మధ్య నాగార్జునకొండకు లాంచీలో పోవడం పిల్లలకు ఏ మాల్‌లోనూ దొరకదు.

ఆ కొండ కథ వాళ్ళకు లాంచీ కదిలాక చెప్పండి. మీ కాళ్ళ కింద నీళ్ళు, ఆ నీళ్ళ కింద ఒక లోయ. అందులో 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలుసు కాబట్టి 1954 నుంచి 1960 దాకా అక్కడ గబగబా తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాల్ని, కొన్ని కట్టడాల్ని విప్పి, కొండ మీదికి చేర్చి మళ్ళీ కట్టారు. ఒకప్పుడు లోయ మధ్య నిలబడ్డ కొండే ఇప్పుడు ద్వీపం. ‘మన ఇల్లు మునిగిపోతుంది, ఆరేళ్ళే టైముంది, ఏం బయటికి తెస్తావు?’ అని పెద్ద పిల్లల్ని అడగండి. నేను అడిగినప్పుడు ఒక పిల్లవాడు చాలాసేపు ఆలోచించి ‘మా తాత మంచం’ అన్నాడు.

శుక్రవారం మాత్రం పోకండి, ఆ రోజు కొండ మీద మ్యూజియానికి సెలవు. నేను ఒకసారి ఆ సంగతి చూసుకోకుండా బయల్దేరి నలభైమంది పిల్లల్ని ఒడ్డునే కూర్చోబెట్టాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. లాంచీ ఆ రోజు నడుస్తుందా, ఎన్నింటికి, టికెట్ ఎంత అన్నది ముందురోజు టూరిజం వాళ్ళకు ఫోన్ చేసి అడగండి. నీటిమట్టాన్ని బట్టి, జనాన్ని బట్టి మారుతుంటుంది.

లాంచీ ఎక్కడం దిగడం, ఒడ్డు నుంచి పైకి నడవడం అత్తమ్మకు కష్టం. అప్పుడు ఆమెను ఒడ్డున ఒంటరిగా వదలకండి. మీ ఇద్దరు కోడళ్ళలో ఒకరు ఆమెతో బుద్ధవనం పోండి. అది సాగర్‌లోని బౌద్ధ పార్కు, 274 ఎకరాల్లో కట్టి 2022 మేలో తెరిచారు. అమరావతి మహాస్తూపాన్ని పోలిన పెద్ద స్తూపం, బుద్ధుడి జాతక కథల శిల్పాలు ఉన్నాయి. అంతా చూడాలని లేదు, నీడన కూర్చుని ఓపిక ఉన్నంతే చూడండి. లాంచీవాళ్ళు వచ్చాక పిల్లలు మిగతాది చూస్తారు. ఎవరు కొండకు, ఎవరు బుద్ధవనానికి అన్నది ఇంట్లోనే తేల్చుకోండి. రేవు దగ్గర తేల్చుకుంటే మళ్ళీ పోయినేటి కథే.

మీ అత్తమ్మ ‘దేవుడి దర్శనం లేకుండా ఏం పండగ’ అంటే వాడపల్లి ఉంది. మిర్యాలగూడ దాటాక కృష్ణలో మూసీ కలిసే చోటు. అక్కడ లక్ష్మీనరసింహస్వామి గుడిలో స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం ఊగుతూ ఉంటుందని, కింది దీపం నిలకడగా వెలుగుతుందని చెప్తారు, స్వామి శ్వాస అని భక్తుల నమ్మకం. కదలని నీడ చూసి వచ్చిన పిల్లలకు ఊగే దీపం చూపించండి. అగస్త్యేశ్వరాలయమూ ఆ ఊళ్ళోనే ఉంది. ఇక ఆ రోజుకు ఇంకేం పెట్టుకోకండి.

భువనగిరి కోట మీ ఆయన, మరిది, నలుగురు పిల్లలు మాత్రమే పోవాల్సిన చోటు. అంతా ఒకే బండరాయి, ఐదు వందల అడుగుల పైన ఎత్తు. దాని మీద కోట కట్టించింది చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు, ఆయన పేరు మీదే త్రిభువనగిరి, తర్వాత భువనగిరి. చలికాలమైనా పదింటికల్లా రాయి కాగుతుంది. ఎనిమిదింటికి ఎక్కడం మొదలుపెట్టాలి, కాళ్ళకు బూట్లు ఉండాలి, చెప్పులు వద్దు. బాబు సగం దాకా ఎక్కి కూర్చుంటానంటే కూర్చోనివ్వండి. మీ పాపకు ఒక సంగతి చెప్పండి. నిజామాబాద్ వైపు పల్లె నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకోవడం మొదలుపెట్టింది ఈ బండ మీదే. 2014లో ఎవరెస్టు ఎక్కినప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. మగవాళ్ళు పిల్లల్ని తీసుకుని పోయిన ఆ రోజు మీరూ, యారాలూ, అత్తమ్మా ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోండి. అది కూడా సెలవే.

పోచంపల్లి మాత్రం ఈ పండగ రోజుల్లో వద్దు. రెండు కారణాలు. ఒకటి, విజయవాడ హైవే. సంక్రాంతికి ముందు చౌటుప్పల్, పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్లు ఎలా ఆగిపోతాయో మీకు తెలుసు. పండగ అయ్యాక తిరుగుముఖంలోనూ అంతే. రెండు, పండగపూట మగ్గాలు ఆగి ఉండొచ్చు. మగ్గం ఆగిన పోచంపల్లికి పోతే చీరల దుకాణాలే చూసి వస్తారు. ఫిబ్రవరిలో రెండో శనివారం పెట్టుకోండి. ఎండ ముదరదు, బడికి సెలవు, మగ్గాలు నడుస్తుంటాయి.

అక్కడ ఒక్క ఇల్లు చూస్తే చాలు. ‘పిల్లలకు చూపిద్దామని వచ్చాం’ అని మర్యాదగా అడగండి, పని ఆగనంతవరకు చూడనిస్తారు. మామూలు చీరకు నేసిన తర్వాత అద్దకం వేస్తారు, లేదా రంగు నూలుతో నేస్తారు. ఇక్కడ నేయకముందే నూలు మీద బొమ్మ ఉంటుంది. మేకుల చట్రం మీద నూలును అటూ ఇటూ పోస్తారు, దాన్ని ఆసు పోయడం అంటారు. ఆ తర్వాత రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసిన సన్నటి రబ్బరు పట్టీలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. విప్పి, ఇంకోచోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. పిల్లల చేత ఆ కట్టు ఒకటి ముట్టించండి, ఎంత గట్టిగా ఉంటుందో తెలుస్తుంది. ఆ నూలు మగ్గం ఎక్కి, పేక పడుగులో కలిసినప్పుడు అంచులు కాస్త చెదిరినట్టున్న ఆ బొమ్మ మెల్లగా పైకి వస్తుంది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లికి భుజం నొప్పి చూడలేక దానికి యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చి భూదానాన్ని మొదలుపెట్టింది కూడా ఈ పోచంపల్లిలోనే. చీర కొనలేకపోతే మొహమాటపడకండి, ఒక రుమాలు కొనుక్కోండి.

ఇక జడ్చర్ల రోజులు. మొదట పిల్లలమర్రి. ఒక జాగ్రత్త. సూర్యాపేట దగ్గర కూడా పిల్లలమర్రి ఉంది, అది కాకతీయుల నాటి గుళ్ళున్న ఊరు. ఎవరైనా ఫోన్‌లో పేరు కొట్టి బయల్దేరితే మర్రిచెట్టుకు పోవాల్సినవాళ్ళు గుళ్ళ దగ్గర తేలతారు, మా బంధువులకు అలాగే అయింది. మీరు పోవాల్సింది మహబూబ్‌నగర్ పక్కనున్న చెట్టు దగ్గరికి. దాదాపు ఏడు వందల ఏళ్ళ చెట్టని చెప్తారు, ఊడలు దిగి దిగి ఎకరాలకు ఎకరాలు పాకింది. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడితే చూస్తే లోపల చెదలు. 2018లో మనుషులకు ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి చెట్టుకు సెలైన్‌లో మందు ఎక్కించారు. చెట్టుకు సెలైన్ పెట్టారంటే ఒకటో తరగతి పిల్లవాడు ఎన్ని ప్రశ్నలు వేస్తాడో చూడండి. ఊడలు పట్టుకుని ఊగే రోజులు పోయాయి, ఇప్పుడు దూరం నుంచే చూడాలి. ఆ మాట ముందే చెప్పండి. పక్కనే మ్యూజియం, జింకలు ఉన్నాయి, పూటకు సరిపోతుంది.

రెండోది అలంపూర్. మీ అమ్మానాన్నల్ని కూడా వెంట పెట్టుకుని తెల్లవారుజామున బయల్దేరండి, కర్నూలు హైవే మీద రెండు, రెండున్నర గంటలు. ఆ హైవే మీద పొద్దున పొగమంచు ఉంటే ఆగండి, ఏడున్నర దాటాక కదలండి, కాస్త ఆలస్యమైతే కొంపలు మునగవు. తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలు 7వ శతాబ్దంలో బాదామి చాళుక్యులు మొదలుపెట్టినవి. పేర్లు బాలబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, గరుడబ్రహ్మ అని ఉంటాయి కానీ లోపల ఉన్నవన్నీ శివలింగాలే. నేల చదునుగా ఉంటుంది, పెద్దవాళ్ళు మెల్లగా నడవొచ్చు. పిల్లలకు ఒక పని ఇవ్వండి. స్వర్గబ్రహ్మ గుడి గోడ చుట్టూ తిరిగి ఎనిమిది దిక్కుల దిక్పాలకుల్ని వెతకమనండి. వాహనాన్ని చూసి పట్టుకోవచ్చు, ఏనుగు ఎక్కినవాడు ఇంద్రుడు, దున్న మీదున్నవాడు యముడు. ఇద్దరు దొరికేసరికి మిగతావాళ్ళను వాళ్ళే వెతుక్కుంటారు.

జోగులాంబ దర్శనం అయ్యాక సంగమేశ్వరాలయం తప్పకుండా చూపించండి. కృష్ణా, తుంగభద్ర కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి అలంపూర్ తెచ్చి తిరిగి కట్టారు. సాగర్‌లో లాంచీ ఎక్కిన పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ కొండ మీదికి పోయింది, ఇక్కడ ఊళ్ళోకి వచ్చింది. నది ఒకటే, కథ ఒకటే.

అలంపూర్ నుంచి వస్తూ వస్తూ గద్వాల కోట, జూరాల డ్యామ్ కూడా చూసొద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. జూరాల దగ్గర చేపల వేపుడు మీ నాన్నగారికి ఇష్టమైతే అది ఇంకో రోజు పెట్టుకోండి. దారిలో ఈ కాలంలో ఉడకబెట్టిన అనపకాయలు, పల్లికాయ అమ్ముతారు, తలా ఒక పొట్లం కొనివ్వండి, పిల్లలకు చేతికి పని, నోటికి పని. మల్లెలతీర్థం గురించి కూడా మీ తమ్ముడో చెల్లెలో చెప్తారు. నల్లమల చాలా అందమైన చోటు. కానీ జలపాతం దగ్గరికి మూడు వందలకు పైగా మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి, దారిలో మలుపులు ఎక్కువ. బాబు ఇంకో రెండేళ్ళు పెద్దయ్యాక పోండి.

ఖర్చు సంగతి. మీరూ, పాపా, అత్తమ్మా ఆధార్ కార్డు పెట్టుకుంటే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు కట్టక్కర్లేదు. జడ్చర్ల ప్రయాణం, పిల్లలమర్రి ప్రయాణం అలా గడిచిపోతాయి. సాగర్‌కు కారు నిండితే మీరూ, పాపా బస్సులో పోయి అక్కడ కలవొచ్చు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే బాబుకూ కారు కంటే నయం, ఒకసారి వాణ్ణి మీతో ఎక్కించుకుని చూడండి. కారు పెట్రోలు డబ్బు అన్నదమ్ములు సగం సగం అని బయల్దేరే ముందే మాట్లాడుకోమనండి. నడిపేది మరిది ఒక్కడే అయితే సాయంత్రం ఐదు దాటాక అతన్ని రోడ్డు మీద ఉంచకండి. జనవరిలో ఆరింటికి చీకటి పడుతుంది. అలసిన మనిషి చీకట్లో బండి నడుపుతుంటే పక్కన కూర్చున్నవాడు ‘నేనప్పుడే చెప్పాను’ అంటాడు, గొడవ అక్కడ మొదలవుతుంది. పోయినేడు మీ ఇంట్లో జరిగింది అదే అయి ఉంటుంది. ఇద్దరికీ విడివిడిగా చెప్పండి, చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, రోజు పొడుగైంది అంతే.

మాల్ అడుగుతున్న పిల్లల్ని కసరకండి. పానగల్ ఒక్క రోజు పోయి వద్దాం, తర్వాత కూడా మాల్ కావాలంటే పోదాం అని మాటివ్వండి. అడిగితే మాట నిలబెట్టుకోండి.

పాప గీసిన రెండు బొమ్మలు, తొమ్మిదింటిదీ నాలుగింటిదీ, ఫోటో తీసి నాకు పంపించండి. నీడ పక్కన లింగాన్ని ఎంత పెద్దగా గీసిందో చూడాలని ఉంది. పెన్సిలు రెండు పెట్టండి, ఒకటి బాబు తీసుకుంటాడు.